కొండవాలులో కూరగాయలు: ముందు మట్టిని ఆపండి

పాడేరు, అరకు కొండల్లో రసాయనాలు లేకుండా ఏళ్ల తరబడి కూరగాయలు పండించగలమా అని అడిగారు. పండించగలం. కానీ అక్కడ అసలు టెన్షన్ పురుగు గురించి కాదు, మట్టి గురించి. వాన వెలిశాక పొలం కింద గెడ్డ (వాగు) చూడండి. నీళ్లు ఎర్రగా పారుతున్నాయంటే మీ పైమట్టి పోతున్నట్టే.

అందుకే సాళ్లు వాలుకు అడ్డంగా తీయాలి. పొలంలో ఏరిన రాళ్లతోనే గట్లు వేసి, వాటి వెంట కంది విత్తండి. నేలను బోసిగా వదలకండి, ఎండుగడ్డో ఆకులో కప్పండి. ఇది చేయకుండా ఎంత ఎరువు వేసినా గెడ్డపాలే.

నేల బలానికి జీవామృతం వాడండి. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవుమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి, రెండు రోజులు నీడలో ఉంచి, పూటపూటా కర్రతో కలపాలి.

క్యాబేజీ మధ్య ఆవాలు చల్లితే క్యాబేజీ ఆకులు తినే వజ్రపు రెక్క పురుగు (డైమండ్‌బ్యాక్ మాత్) గుడ్లు పెట్టడానికి ముందు వాటి మీదకే పోతుంది. మరుసటి ఏడు పంట మార్చి ఆ మడిలో రాజ్‌మా వేయండి.

పొలమంతా టమాటా మాత్రం వద్దు. పాడేరు నుంచి విశాఖ రైతుబజారుకు 100 కిలోమీటర్ల పైమాటే, ఘాట్ దిగేసరికి సగం నలిగిపోతాయి.