ఎల్.ఎల్.ఆర్. చేతికొచ్చాక ఆ ఆరు నెలలు

రామమూర్తినగర్,
బెంగళూరు

అమ్మలూ,

నీ ఆఫీసులో అమ్మాయిలంతా ఒకే ఏజెంటు దగ్గర లైసెన్స్ చేయించుకున్నారట, నువ్వూ అక్కడికే వెళ్దామనుకుంటున్నావట. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. డబ్బులు కడితే చాలట, పరీక్ష సంగతి వాళ్లే చూసుకుంటారట, ఫొటోకి ఒక్కసారి వెళ్లొస్తే సరిపోతుందట, ఏమంటావక్కా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నీకు నేరుగా రాయాలనిపించింది. ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా కారు నడుపుతున్నాను. మన బంధువుల పిల్లల్లో చాలామంది మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నది నన్ను పక్కన కూర్చోబెట్టుకునే.

ముందు ఒక లెక్క చెప్తాను. ముప్పై ఏళ్లలోపు వాళ్లకు ఇచ్చే లైసెన్స్ నలభై ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. నీకిప్పుడు ఇరవై మూడు. అంటే ఈ పరీక్ష అయిపోయాక పదిహేడేళ్ల పాటు నీకు బండి నడపడం వచ్చా రాదా అని నిన్ను ఎవరూ అడగరు. ఆ పదిహేడేళ్లలో నీ పక్కన మీ అమ్మ కూర్చుంటుంది, రేపు నీ పిల్లలు కూర్చుంటారు. అడిగేది ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా తప్పించుకుంటే నష్టం ఆర్.టి.ఓ. ఆఫీసుకు కాదు, నీకే.

కాగితాల పని నువ్వు భయపడుతున్నంత పెద్దది కాదు. పరివాహన్ వెబ్‌సైట్‌లో సారథి విభాగంలోకి వెళ్లి ముందు లెర్నర్ లైసెన్స్‌కు దరఖాస్తు చేయాలి. మనవాళ్లంతా ఎల్.ఎల్.ఆర్. అంటారే, అదే. కేంద్రం నిర్ణయించిన ఫీజు ఒక్కో రకం బండికి 150 రూపాయలు, రాతపరీక్షకు 50. తర్వాత డ్రైవింగ్ టెస్టుకు 300, లైసెన్స్‌కు 200. దీనిపైన సర్వీసు చార్జీలు కొంత పడొచ్చు. ఏజెంటు చెప్పే మొత్తం పక్కన ఈ అంకెలు పెట్టి చూడు, నువ్వు దేనికి డబ్బులిస్తున్నావో తెలుస్తుంది. దరఖాస్తులో కారుతో పాటు గేర్లున్న బైకు కూడా పెట్టు. గేర్ల బైకుకు లైసెన్స్ ఉంటే స్కూటీ కూడా నడపొచ్చు, గేర్లు లేనిదానికి మాత్రమే తీసుకుంటే బైకు నడపడానికి కుదరదు. కారుకు ఆ తేడా లేదు, ఆటోమేటిక్ అయినా మాన్యువల్ అయినా లైసెన్స్ ఒకటే.

నీ ఆధార్‌లో ఇంకా హిందూపురం చిరునామానే ఉంది కదా. దాంతో దరఖాస్తు చేస్తే ఆ చిరునామాతోనే ముందుకెళ్తుంది, టెస్టు రోజున ఊరికి పరుగెత్తాలి. ఎల్.ఎల్.ఆర్. ఎక్కడ తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది కాబట్టి నేర్చుకోవడం వరకు ఇబ్బంది లేదు గానీ, టెస్టుకు నువ్వు నేర్చుకున్న బండి, అలవాటైన రోడ్డు ఉంటే మంచిది. పి.జి.లో ఉండగా రెంట్ అగ్రిమెంట్ దొరకదు. వచ్చే నెల నువ్వూ మీ ఫ్రెండూ ఫ్లాట్‌లోకి మారుతున్నారు కదా, ఆ అగ్రిమెంట్ మీద నీ పేరు కూడా రాయించుకుని ముందు ఆధార్ మార్చుకో. ఆ తర్వాతే లైసెన్స్ సంగతి. ఇందులో నెల పోతే పోనీ.

దరఖాస్తులో ఆరోగ్యం గురించి నువ్వే సంతకం చేసి ఇచ్చే ఫారం ఒకటుంటుంది. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు చదవగలవా అని అందులో అడుగుతారు. అందరూ చూడకుండానే అవునని టిక్కు పెట్టేస్తారు. నువ్వు మాత్రం నిజంగా వీధిలో నిలబడి చదివి చూడు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేదానివి, అద్దాలు మార్చి రెండేళ్లయిందని నువ్వే అన్నావు. రాత్రి ఎదురుబండి లైట్లు కళ్లలో పడితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తోందంటే ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఆధార్ ఉంటే ఎల్.ఎల్.ఆర్. పరీక్ష ఇంట్లోంచే రాయొచ్చు. ఆ సౌకర్యాన్ని చాలామంది ఎలా వాడుకుంటున్నారో నాకు తెలుసు, సైబర్ సెంటర్లో ఎవరో ఒకరు జవాబులు నొక్కేస్తారు. నువ్వే రాయి. ఆ ప్రశ్నల్లో రోడ్డు మీద రోజూ పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఇరుకు ఘాట్ రోడ్డులో ఎదురుపడితే ఎత్తు ఎక్కే బండికి దారివ్వాలి, దిగేవాడు ఆగాలి. సర్కిల్లో కుడివైపు నుంచి వచ్చే బండికి ముందు దారి. ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు చేయకూడనిది చెప్తుంది, త్రికోణం ముందున్న ప్రమాదం గురించి హెచ్చరిస్తుంది. ఇవి తెలియకుండానే బండ్లు నడుపుతున్న పెద్దవాళ్లను రోజూ చూస్తున్నాను.

ఎల్.ఎల్.ఆర్. వచ్చిన 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు, అది ఆరు నెలలు చెల్లుతుంది. పిల్లలంతా 31వ రోజుకు స్లాట్ కోసం చూస్తారు. ఆ ముప్పై రోజులు గడవాల్సిన గడువు అనుకుంటారు. నువ్వు మాత్రం ఆరు నెలలూ వాడుకో. ఈలోగా ఒంటరిగా నడపకూడదు, పక్కన లైసెన్స్ ఉన్నవాళ్లు ఉండాలి, ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి. బైకు మీదైతే నేర్పేవాళ్లను తప్ప వేరెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. ఎల్ బోర్డు పెట్టుకోవడానికి సిగ్గుపడకు, అది చూసి వెనకబండివాడు కొంచెం దూరం పాటిస్తాడు. ఈ నియమాలు పాటిస్తేనే ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ పనిచేస్తుంది, అది కూడా గుర్తుంచుకో.

డ్రైవింగ్ స్కూల్లో చేరాలా అంటే చేరు. అయితే ఒక సంగతి తెలుసుకుని చేరు. వాళ్ల కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. రోజుకు అరగంట, దారిలో ఇంకొకర్ని ఎక్కించుకుని దించే పని కూడా అందులోనే. క్లచ్ అతనే తొక్కుతాడు, బ్రేక్ అతనే వేస్తాడు, నువ్వు స్టీరింగ్ తిప్పుతూ ‘నాకు వచ్చేసింది’ అనుకుంటావు. క్లాసులన్నీ పూర్తయ్యాక మొదటిసారి మామూలు కారు ఎక్కితే బండి కదలదు. అందుకే మూడో రోజు నుంచే అడుగు: ‘సార్, మీ కాళ్లు కాసేపు తీసేయండి, బండి ఆగిపోతే ఆగిపోనివ్వండి.’ మంచి మాస్టారైతే సంతోషిస్తాడు. అరిచేవాడు, ఒంటి మీద చేయి వేసేవాడు అయితే ఆ రోజే మానేసి నాకు ఫోన్ చెయ్యి. కట్టిన డబ్బు గురించి ఆలోచించకు.

అసలు విద్యంతా క్లచ్‌లోనే ఉంది. ఖాళీ రోడ్డు మీద ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ జోలికి వెళ్లకుండా, క్లచ్‌ను వెంట్రుక వాసి చొప్పున వదులు. ఒకచోట ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తుంది, బండి కదలాలా వద్దా అన్నట్టు ఉంటుంది. కాలు అక్కడ ఆపు. మళ్లీ నొక్కు, మళ్లీ అక్కడికే రా. అరగంట ఇదే చెయ్యి. మన ఇంట్లో పాలు పొంగేముందు మీ అమ్మ చూడకుండానే స్టవ్ తగ్గిస్తుందే, అలా కాలికి దానంతటదే తెలియాలి. అది తెలిశాక మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద నేర్పిస్తాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, క్లచ్‌ను ఆ చోటికి తెచ్చి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, బండి ముందుకు లాగుతోందని తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించాలి. ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకూడదు. ఈ ఊరంతా ఎత్తుపల్లాలే. ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగినప్పుడు నీ వెనక బంపర్‌కు జానెడు దూరంలో ఎవరో స్కూటర్ మీద ఉంటారు, వాళ్ల ముందు ఒక చిన్న పిల్ల నిలబడి ఉంటుంది. క్లచ్ గురించి నేనింత పట్టుబడుతున్నది వాళ్ల కోసం.

ఇక రోడ్లు. మొదటి వారాలు ఆదివారం పొద్దున ఆరింటికి మా లేఅవుట్ వెనక వీధులు చాలు. తర్వాత వెడల్పు రోడ్లు, ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, అన్నీ అయ్యాకే సాయంత్రం పూట రద్దీగా ఉండే టిన్ ఫ్యాక్టరీ జంక్షన్. ఏ మలుపైనా ముందు అద్దం, తర్వాత ఇండికేటర్, తర్వాత భుజం మీదుగా ఒక్క చూపు, ఆ తర్వాతే స్టీరింగ్. ఎడమకు తిరిగేటప్పుడు నీ ఎడమ సందులోంచి డెలివరీ కుర్రాళ్లు దూసుకొస్తారు. వాళ్లది తప్పా ఒప్పా అన్న వాదన ఆ క్షణంలో అనవసరం, వాళ్లు వెళ్లేదాకా ఆగు. స్టాపులో ఆగిన బి.ఎం.టి.సి. బస్సు ముందు నుంచి మనుషులు రోడ్డు దాటుతారని ముందే అనుకుని వేగం తగ్గించు. రంగు లేని హంపులు ఈ ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ముందున్న బండి వెనక లైట్లు ఎర్రగా వెలిగితే నీ కాలు కూడా బ్రేక్ మీదకు రావాలి. బండి ఆపి దిగేటప్పుడు తలుపు కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తియ్యి. అప్పుడు ఒళ్లు తిరిగి, వెనక వచ్చే బైకు కంటపడుతుంది.

వాన గురించి విడిగా చెప్పాలి. 2023 మే నెలలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన నీళ్లలో కారు మునిగి ఒక అమ్మాయి పోయింది. మన ఆంధ్ర పిల్లే, నీ ఈడుదే, నీలాగే ఇక్కడికి ఉద్యోగానికి వచ్చింది. ఆ వార్త చూసిన రోజు నేను అన్నం తినలేకపోయాను. అండర్‌పాస్‌లో నీళ్లుంటే ముందు బండి వెళ్లినా సరే నువ్వు వెళ్లకు. లోతు పైనుంచి తెలియదు. వెనక ఎంతమంది హారన్ కొట్టినా పక్కకు తీసి ఆగు, లేదా వేరే దారి చూసుకో. ఆఫీసుకు ఆలస్యమైతే మేనేజర్‌తో నేను మాట్లాడతాను.

స్కూటీ నేర్చుకునేటప్పుడు చున్నీ ఇంట్లో పెట్టి రా, లేదా రెండు కొసలూ గట్టిగా ముడివేసి లోపలికి దోపుకో. చక్రంలో చిక్కుకుంటే మెడకే ప్రమాదం. హెల్మెట్ ఐ.ఎస్.ఐ. గుర్తున్నదే కొను, కింద పట్టీ పెట్టుకో. వెనక కూర్చునేవాళ్లకు కూడా కర్ణాటకలో 2016 నుంచి హెల్మెట్ తప్పనిసరి.

టెస్టు గురించి మీ అమ్మకు టెన్షన్ ఎక్కువ, నీకంటే ఎక్కువ. బెంగళూరులో జ్ఞానభారతి ఆర్.టి.ఓ. లాంటి చోట్ల కెమెరాలు, సెన్సార్లు పెట్టిన ట్రాక్ ఉంటుంది. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, రివర్స్, పార్కింగ్, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం లాంటివి అడుగుతారు. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుని చూసే చోటైతే నువ్వు కూర్చునే పద్ధతి దగ్గర నుంచి గమనిస్తాడు. ఎక్కగానే తలుపులు చూడు, సీటు సర్దుకో, అద్దాలు సర్దుకో, బెల్టు పెట్టుకో, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి అప్పుడు స్టార్ట్ చెయ్యి. తొందర పడాల్సిన అవసరమే లేదు. ఏ బండితో టెస్టు ఇస్తున్నావో దాని ఆర్.సి., ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటలేదని ముందురోజే చూసుకో. నడపడం బాగా వచ్చిన పిల్లలు కూడా కాగితం దగ్గర వెనక్కి వచ్చారు.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. ఎక్కడ తప్పు జరిగిందో ఇన్‌స్పెక్టర్‌ను మర్యాదగా అడుగు, చాలామంది చెప్తారు. అక్కడ ఎవరో వచ్చి ‘మేడమ్, నేను చూసుకుంటా’ అంటే తల అడ్డంగా ఊపి వచ్చేయ్. నువ్వు ఫెయిలైనా నేను ఒక్క మాటా అనను. కొనుక్కున్నావని తెలిస్తే మాత్రం నా కారు తాళాలు ఇవ్వను. ప్రేమ లేక అంటున్న మాట కాదిది.

కార్డు పోస్టులో వస్తుంది, ఈలోగా ఫోన్‌లో డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపించినా పోలీసులు ఒప్పుకుంటారు. లైసెన్స్ వచ్చిన మొదటి ఆదివారమే దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వెళ్లి మీ నాన్నను ఎక్కించుకోవాలని నీకుంది. వెళ్దాం, అయితే మొదటి రెండు మూడు సార్లు పక్క సీట్లో నేనుంటాను. చీకటి పడకముందే తిరిగి రావాలి. లారీని దాటేటప్పుడు ఎదుటి రోడ్డు మొత్తం కనిపించకపోతే ఎంతసేపైనా దాని వెనకే ఉండటం నీకు అలవాటైందని నేను కళ్లారా చూడాలి. అప్పుడు ఒంటరిగా వెళ్లు, నేనే టిఫిన్ కట్టి పంపుతాను.

ఈలోగా ఆధార్ పని మొదలుపెట్టు. ఎల్ బోర్డులు రెండు నేను తెప్పించి ఉంచుతాను. వచ్చేటప్పుడు ఎత్తు మడమల చెప్పులు వేసుకోకు, పలచటి అడుగున్న షూ అయితే క్లచ్ కాలికి బాగా తెలుస్తుంది. రాత్రి సినిమాలు చూసి నిద్రకళ్లతో రాకు. శనివారం సాయంత్రమే మా ఇంటికి వచ్చి పడుకుంటే ఇంకా మంచిది.

ప్రేమతో,
పెద్దమ్మ