ఇల్లు చూసే ముందు స్కూల్ చూడు: పెద్దమ్మ ఉత్తరం

చిన్నమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. అల్లుడుగారికి ట్రాన్స్‌ఫర్ ఖాయమైందనీ, టెక్సాసా ఫ్లోరిడానా అన్నది ఇంకో రెండు వారాల్లో తేలుతుందనీ రాశావు, సంతోషం. కానీ చివర్లో "వెబ్‌సైట్లో పదికి 9, 10 రేటింగ్ ఉన్న ఎలిమెంటరీ స్కూల్ దగ్గర ఏ ఇల్లు దొరికితే అది తీసేసుకుంటాం పెద్దమ్మా" అన్నావు చూడు, అక్కడే నాకు భయం వేసింది. ఫోన్లో చెప్తే పిల్లల గొడవలో సగం నీ చెవిన పడదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని ఈ దేశంలో నాలుగు రాష్ట్రాలు మారాను, కాబట్టి ఈ విషయంలో నా మాట కొంచెం విను.

ముందు మాకు జరిగింది చెప్తా. రెండోసారి మారినప్పుడు అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి "మీది ఫలానా స్కూలే" అని నవ్వుతూ చెప్పింది, ఇళ్ళ వెబ్‌సైట్లో కూడా అదే ఉంది, మేం లీజు మీద సంతకం పెట్టేశాం. ఆగస్టులో పెద్దాడి చెయ్యి పట్టుకుని ఆ స్కూలుకి వెళ్తే, కౌంటర్లో ఆవిడ మా అడ్రసు టైప్ చేసి, ఒక్క క్షణం ఆగి, మానిటర్ మా వైపు తిప్పింది. మ్యాప్ మీద ఎర్ర గీత సరిగ్గా మా వీధి మధ్యలోంచి పోతోంది. ఎదురు వరస ఇళ్ళది ఆ స్కూలు, మాది ఇంకోటి. వాడు అప్పటికే బయట ఉన్న ఆటస్థలం చూసి మురిసిపోయాడు, "నేను ఇక్కడ ఆడుకోనా అమ్మా" అని అడిగాడు. ఆ రోజు కారులో వాడికి సమాధానం చెప్పలేకపోయాను.

అందుకే మొట్టమొదటి సంగతి ఇది. ఇక్కడ స్కూలు ఊరిని బట్టి రాదు, దూరాన్ని బట్టీ రాదు, డోర్ నంబరుని బట్టి వస్తుంది. నీ కిటికీలోంచి కనపడే స్కూలు నీది కాకపోవచ్చు. టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్ళని నడిపే సంస్థలు, వెయ్యికి పైగా ఉన్నాయి, వాటి హద్దులకీ ఊరి హద్దులకీ సంబంధం ఉండనక్కర్లేదు. పోస్టల్ అడ్రసులో ఒక ఊరి పేరు ఉంటుంది, ఇల్లేమో పక్క డిస్ట్రిక్టులో ఉంటుంది. ఫ్లోరిడాలో అలా కాదు, ఒక్కో కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, ఒక్కో డిస్ట్రిక్ట్, మొత్తం 67. కాబట్టి అక్కడ డిస్ట్రిక్ట్ పేరు విని సంబరపడి లాభం లేదు, ఒకే డిస్ట్రిక్టులో ఎంతో బాగున్న స్కూలూ ఉంటుంది, అవస్థ పడుతున్న స్కూలూ ఉంటుంది. ఇల్లు నచ్చగానే డిస్ట్రిక్ట్ సొంత వెబ్‌సైట్లో అడ్రసు కొట్టి చూసే పేజీ ఉంటుంది, అందులో చూడు. అది చూశాక కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఫోన్ చేసి అడ్రసు చదివి చెప్పి, వీలైతే ఈమెయిల్లో రాయించుకో. ఇళ్ళ వెబ్‌సైట్లలో కింద చిన్న అక్షరాల్లో స్కూల్ వివరాలు మీరే నిర్ధారించుకోండని ఉంటుంది, మనం చదవం.

రియల్టర్‌ని, అదే ఇళ్ళు చూపించే ఏజెంటుని, అడిగితే చెప్తాడులే అనుకోకు. "మంచి స్కూల్ ఎక్కడ" అంటే చాలామంది మాట దాటేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం లాంటివి చూసి మనుషుల్ని ఫలానా పేటకి మళ్ళించకూడదు, స్కూళ్ళ మంచిచెడ్డల గురించి మాట్లాడితే అది ఆ లెక్కలోకి వస్తుందేమోనని వాళ్ళ భయం. ఆ పని నువ్వే చెయ్యాలి.

ఫోన్ చేసినప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగు. ఒకటి, ఆ స్కూల్లో నీ కొడుకు గ్రేడ్‌కి సీట్లు ఉన్నాయా, నిండిపోయిందా? కొత్త ఇళ్ళు గబగబా లేస్తున్న చోట స్కూలు నిండిపోతే, జోన్‌లో, అంటే ఆ స్కూలు హద్దుల్లో, ఉన్నా సరే ఆలస్యంగా వచ్చినవాళ్ళని వేరే స్కూలుకి పంపే డిస్ట్రిక్టులు ఉన్నాయి. మా నడిపిదానికి అదే జరిగింది, అన్న ఒక స్కూల్లో, అది ఇంకో స్కూల్లో, ఏడాదంతా పొద్దున్నే నేను రెండు వైపులా పరుగులు. రెండోది, ఒకటి రెండేళ్ళలో బౌండరీలు మార్చే ఆలోచన ఉందా? కొత్త స్కూలు కడుతుంటే గీతలు మళ్ళీ గీస్తారు. అది రహస్యమేం కాదు, స్కూల్ బోర్డు మీటింగులు అందరూ చూడొచ్చు, కాగితాలు కూడా వెబ్‌సైట్లోనే పెడతారు, ఒక గంట కూర్చుని తిరగెయ్యి. ఫ్లోరిడా అయితే ఒక వెసులుబాటు ఉంది, ఖాళీ ఉంటే జోన్ బయట పబ్లిక్ స్కూలుకి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాకపోతే బాగా పేరున్న వాటిలో ఆ ఖాళీయే ఉండదు, ఉన్నా తీసుకెళ్ళి తీసుకురావడం నీ బాధ్యత అవుతుంది.

ఇక ఆ రేటింగ్ గురించి. అమ్మలూ, ఆ 10కి అంత విలువ ఇవ్వకు. అది ఎక్కువగా పరీక్ష మార్కుల మీద నిలబడిన అంకె. ఫెడరల్ చట్టం ప్రకారం రీడింగూ లెక్కలూ ఏటా పరీక్ష పెట్టేది థర్డ్ గ్రేడ్ నుంచి. అంటే ఫస్ట్ గ్రేడ్‌లో చేరబోయే నీ కొడుక్కి పాఠం చెప్పే టీచర్ ఎలాంటిదో ఆ అంకెలో లేనే లేదు. పైగా పరీక్ష మార్కులు ఆ పేటలో తల్లిదండ్రుల చదువునీ సంపాదననీ బట్టి చాలా మారతాయి, స్కూలు నేర్పింది ఎంత, ఇంటి నుంచి వచ్చింది ఎంత అన్నది అందులో విడిగా కనపడదు. నువ్వు చూడాల్సింది గ్రోత్ అనే లెక్క, అంటే పిల్లలు ఏడాది మొదట్లో ఎక్కడున్నారు, ఏడాది తిరిగేసరికి ఎంత ముందుకొచ్చారు అన్నది. ప్రతి రాష్ట్రమూ స్కూల్ రిపోర్ట్ కార్డులు పెట్టాలి, టెక్సాస్, ఫ్లోరిడా రెండూ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడులు ఇస్తాయి, ఆ గ్రేడు దగ్గరే ఆగిపోకుండా లోపలికి వెళ్ళి చూడు. అలాగే టీచర్లు ఎన్నేళ్ళుగా ఉంటున్నారు, ప్రిన్సిపాల్ ఎన్నిసార్లు మారారు అన్నది అడుగు. మూడేళ్ళలో ముగ్గురు ప్రిన్సిపాళ్ళు మారిన స్కూలుకి రేటింగ్ ఎంతున్నా నేనైతే పంపను.

క్లాసులో పిల్లలెంతమంది అన్నది కూడా కాగితం మీద చూసి సరిపెట్టుకోవద్దు. టెక్సాస్‌లో ఫోర్త్ గ్రేడ్ దాకా క్లాసుకి 22 మంది అని చట్టం, కానీ డిస్ట్రిక్ట్ అడిగితే మినహాయింపు ఇస్తారు. ఫ్లోరిడాలో 2002లో జనం ఓటేసి రాజ్యాంగంలోనే పెట్టించుకున్నారు, థర్డ్ గ్రేడ్ దాకా 18. ఇది చిన్న విషయం కాదు. 1985 నుంచి నాలుగేళ్ళు టెనెసీ రాష్ట్రంలో పెద్ద ఎత్తున ప్రయోగం చేసి చూశారు, 13 నుంచి 17 మంది ఉన్న క్లాసుల్లో పిల్లలు 22 నుంచి 25 మంది ఉన్న క్లాసుల్లో వాళ్ళకంటే బాగా నేర్చుకున్నారు. నీ కొడుకు అసలే నోరు విప్పి అడగని పిల్లాడు, పెద్ద క్లాసులో వెనక్కి వెళ్ళి కూర్చుంటే ఎవరికీ కనపడడు. అందుకని "ఈ ఏడాది ఫస్ట్ గ్రేడ్‌లో సెక్షన్‌కి ఎంతమంది" అని సూటిగా అడుగు.

అన్నిటికంటే ముఖ్యం, వెళ్ళి చూడు. టికెట్ ఖర్చు అని వెనకాడకు, మే నెలలో స్కూళ్ళు నడుస్తున్నప్పుడే ఒక్క రెండు రోజులు వెళ్ళి రండి, జూన్ వచ్చిందంటే ఖాళీ బిల్డింగ్ చూసి రావాలి. ముందు ఫోన్ చేసి టూర్ అడిగితే చాలా స్కూళ్ళు చూపిస్తాయి. ఒకవేళ కుదరదంటే మధ్యాహ్నం వదిలే వేళకి రోడ్డు అవతల కారు ఆపుకుని ఇరవై నిమిషాలు కూర్చో. పిల్లలు ఎలాంటి మొహాలతో బయటికొస్తున్నారు, గేటు దగ్గర టీచర్లు వాళ్ళని పేరు పెట్టి పిలుస్తున్నారా, పికప్ లైన్లో తల్లిదండ్రులు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారా, అంతా కనపడుతుంది. ఎవరో ఒకమ్మని పలకరించు, "మీవాడికి ఇక్కడ నచ్చిందా" అని అడిగితే చాలు, ఏ వెబ్‌సైట్లోనూ లేని సంగతులు చెప్తుంది.

చిన్నదాని స్కూలు నేను అలాగే ఎంచుకున్నా. రేటింగ్ 9 ఉన్న స్కూల్లో టూర్ చేయించినావిడ అరగంటసేపు మార్కుల గురించీ అవార్డుల గురించీ చెప్పింది, క్లాసు గదుల్లోకి మాత్రం తీసుకెళ్ళలేదు. సాయంత్రం 6 ఉన్న స్కూలుకి వెళ్ళాం. నడవాలో ఒక కిండర్‌గార్టెన్ పిల్లాడు జాకెట్ జిప్పు ఇరుక్కుపోయి ఏడుస్తున్నాడు. మాతో నడుస్తున్న ప్రిన్సిపాల్ మాట మధ్యలో ఆపేసి, నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, వాణ్ణి పేరు పెట్టి పిలిచి, "నువ్వు కింద పట్టుకో, నేను పైకి లాగుతా" అంది. జిప్పు కదిలాక కూడా చివరిదాకా తను లాగలేదు, వాడి చేతే లాగించింది. మా చిన్నది ఐదేళ్ళు అక్కడే చదివింది.

చిట్టితల్లి సంగతి మర్చిపోకు. దానికి అక్టోబర్లో కదా ఐదు నిండేది? టెక్సాస్, ఫ్లోరిడా రెండిట్లోనూ సెప్టెంబర్ 1కి ఐదు నిండి ఉంటేనే కిండర్‌గార్టెన్. అంటే ఈ ఏడాది దానికి లేదు, ప్రీస్కూల్ కూడా చూసుకోవాలి. కాబట్టి ఒక్క స్కూలు కాదు, ఒకే దారిలో పడే రెండు చోట్లు వెతకాలి నువ్వు.

టైమింగ్స్ కూడా ముందే చూడు. ఎలిమెంటరీ వాళ్ళని మధ్యాహ్నం రెండున్నర, మూడింటికల్లా వదిలేసేవి చాలా ఉన్నాయి, మీ ఇద్దరి ఆఫీసులూ ఐదింటిదాకా. ఆఫ్టర్‌స్కూల్ కేర్‌కి వెయిటింగ్ లిస్ట్ ఉంటే ఎంత గొప్ప స్కూలైనా మీకు రోజూ టెన్షనే. ఇల్లు స్కూలుకి రెండు మైళ్ళ లోపు ఉంటే మామూలుగా బస్సు ఇవ్వరు, నడిచే దారిలో ఫుట్‌పాత్ ఉందా, పెద్ద రోడ్డు దాటాలా అన్నది పొద్దున ఏడున్నరకి స్వయంగా నడిచి చూడు. స్కూలుకి దగ్గరగా ఉంటే పిల్లలకి అదే వీధిలో స్నేహితులు దొరుకుతారు, అది ఎంత మేలో నాకు తెలుసు.

మొదటి ఏడాది అద్దెకే ఉండండి. కొనేయాలని అల్లుడుగారికి ఉంటుంది, నేను చెప్పానని చెప్పు. స్కూలు నచ్చితే అదే జోన్‌లో కొనుక్కోవచ్చు, నచ్చకపోతే లీజు అయ్యాక కదలొచ్చు. రిజిస్ట్రేషన్‌కి లీజు కాగితం, కరెంటు బిల్లు, బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు ఒక ఫైల్లో పెట్టి ఆ బ్యాగు నీ చేత్తోనే తీసుకెళ్ళు, సామాను లారీలో వెయ్యకు. రెండు చోట్లా స్కూళ్ళు ఆగస్టు మధ్యకే మొదలైపోతాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఒక ఫారంలో అడుగుతారు, తెలుగని నిజమే రాయి. కొందరు ఈఎస్ఎల్ క్లాసులో, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషు నేర్పే క్లాసులో, వేస్తారని భయపడి ఇంగ్లీషని రాస్తారు, అది పిల్లలకి సాయం కోసం పెట్టింది, అందులో చిన్నతనమేం లేదు.

రాష్ట్రం తేలగానే నచ్చిన రెండు మూడు ఇళ్ళ అడ్రసులు నాకు పంపు. నాకు పగలు తీరికే, డిస్ట్రిక్ట్ ఆఫీసులకి నేను ఫోన్ చేసి కనుక్కుంటా. అప్పటిదాకా ఎక్కడా అడ్వాన్స్ కట్టొద్దు.

మీ పెద్దమ్మ