పెరటి ముచ్చట్లు: మందు కొట్టే ముందు ఒకసారి చూడండి
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: బాల్కనీ కుండీలో మూడడుగుల కరివేపాకు మొక్క ఉంది. ఆకుల మీద పిట్ట రెట్టలాంటివి కనిపిస్తే కడిగేద్దామని వెళ్లాను. తీరా చూస్తే కదులుతున్నాయి. నాలుగు రోజులకల్లా చిటికెన వేలంత పచ్చ పురుగులయ్యాయి. పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెడుతున్నాయి, ఘాటు వాసన వేస్తోంది. వండుకునే ఆకు కదా, ఏ మందు కొట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏ మందూ వద్దు. అవి సీతాకోకచిలుక పిల్లలు. ఎక్కువగా వచ్చేది నిమ్మ సీతాకోకచిలుక: నలుపు మీద లేత పసుపు మచ్చలు, రెక్కకు తోక ఉండదు. కింది రెక్క మీద తెల్ల మచ్చల వరుస, చివర తోక ఉన్న నల్లటి రకం కూడా కరివేపాకు మీదే గుడ్లు పెడుతుంది. మీవి ఏవో రెక్కలొచ్చాక తేలుతుంది.

తల్లి లేత చిగుళ్ల మీద ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. ఆవగింజ కన్నా చిన్నది, లేత పసుపు, గుండ్రం. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. నాలుగో కుబుసం విడిచేదాకా అది పిట్ట రెట్టలాగే ఉంటుంది, పిట్టలు పట్టించుకోకుండా. ఆ తర్వాతే పచ్చరంగు. ఆ కొమ్ములు చీమల్ని, కందిరీగల్ని బెదిరించడానికి. మనకు ఏ హానీ లేదు, ఆకుకు విషమూ పట్టదు. కడిగి వాడుకోండి.

పురుగు తన జీవితంలో తినేదాంట్లో ఎక్కువ భాగం ఈ పచ్చ దశలోనే తింటుంది. అందుకే నిన్నటిదాకా బాగున్న రెమ్మ ఇవాళ ఈనెలు మిగుల్చుకున్నట్టు కనిపిస్తుంది. అయితే మీరు పచ్చ పురుగును చూసేసరికే దానికి మిగిలింది నాలుగైదు రోజుల తిండి. మూడడుగుల మొక్క రెండు మూడింటిని మోయగలదు. ఎనిమిది పది ఉంటే కష్టం. మిగతావాటిని దగ్గర్లోని నిమ్మ, నారింజ, మారేడు చెట్టు మీదికి మార్చండి. చేత్తో పీకొద్దు, ఆకుకు గట్టిగా పట్టుకుని ఉంటాయి, కాళ్లు తెగుతాయి. ఉన్న ఆకుతో సహా తుంచి కొత్త రెమ్మకు క్లిప్పు పెడితే అవే నడిచి వెళ్తాయి.

చెట్టు దొరక్కపోతే వెడల్పాటి గాజు సీసాలో ఉంచి మూతికి పలుచటి నూలుగుడ్డ కట్టండి. రోజూ తాజా రెమ్మ వేయాలి, పెంటికలు దులిపేయాలి. అవి పేరుకుంటే చెమ్మకు బూజు పడుతుంది, పురుగు మెత్తబడి చస్తుంది. బజారు కరివేపాకు మాత్రం వేయకండి. పురుగుమందు అవశేషం ఉంటే ఒక్క పూటలో అన్నీ పోతాయి. సీసాలో ఒక పుల్ల ఏటవాలుగా ఆనించండి.

చివర్లో ఒకసారి పలచగా విసర్జించి, కొన్ని గంటలు అటూ ఇటూ తిరుగుతుంది. మొక్క మీద ఉన్నవైతే ఇప్పుడే దిగి గోడకో, గ్రిల్లుకో పోతాయి, చాలామంది కాకి ఎత్తుకుపోయిందనుకుంటారు. నడుముకు పట్టుదారం చుట్టుకుని, తిండి మాని కదలకుండా ఉండే ప్యూపా అవుతుంది. పరిసరాలను బట్టి పచ్చగానో, గోధుమ రంగుగానో ఉంటుంది. ఎండల్లో ఎనిమిది నుంచి పది రోజులు, చలికాలంలో ఇంకొంచెం. బయటికొచ్చే ముందు రాత్రి పైపొర పలచబడి రెక్కల మచ్చలు కనిపిస్తాయి. పొద్దున వచ్చాక తలకిందులుగా వేలాడి, ముడతల రెక్కల్లోకి రసం నింపుకుంటుంది. గంట రెండు గంటలు ముట్టుకోవద్దు. వేలాడడానికి చోటు లేకపోతే రెక్కలు వంకరపోయి ఎగరలేదు. ఆ పుల్ల అందుకే.

ఒక్కోసారి ప్యూపా నల్లబడి, చిన్న చిల్లులతో ఖాళీగా మిగులుతుంది. అది మీ తప్పు కాదు. సన్నటి కందిరీగలు దానిలో గుడ్లు పెట్టుకున్నాయని అర్థం. తిన్న మొక్కకు కొసలు తుంచి, రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేయండి. రెండు మూడు వారాల్లో చిగురిస్తుంది. పూత వచ్చి కాయలు నల్లబడితే కోయకండి, పిగిలిపిట్టలు వస్తాయి.

ప్రశ్న: మిద్దెతోటలో బీర, ఆనప పిందెలు పసుపెక్కి రాలుతున్నాయి. రోజూ పొద్దున తొమ్మిదింటికి మగపువ్వు తెచ్చి రాస్తున్నా లాభం లేదు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీరు చేస్తున్న పని సరైనదే, వేళ తప్పింది. బీర, ఆనప పొద్దుగూకే వేళ విచ్చుకునే పూలు. మీరు వెళ్లేసరికి అవి వాడుముఖం పట్టి ఉంటాయి. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి, అవి తేనెటీగల వాటా. ఆనప పువ్వు తెల్లగా ఉండేది చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కంటపడడానికి.

సాయంత్రం ఆరున్నరకు వెళ్లండి. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, పుప్పొడి కాడను ఆడపువ్వు మధ్య ఉన్న మూడు పాయలకీ మెల్లగా తాకించండి. ఒక వైపే అంటితే కాయ వంకర తిరగవచ్చు. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. మిద్దె మీద పెద్ద లైటు ఉంటే ఆర్పేయండి, పురుగులు పువ్వును వదిలి దాని చుట్టూ తిరుగుతాయి. మీరు చూడాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి.

మొదటి పది పదిహేను రోజులు మగపూలే వస్తే కంగారొద్దు, తీగల తీరే అంత. ఇంకో సంగతి: పిందె కొస నుంచి పసుపెక్కి ముడుచుకుంటే పుప్పొడి అందలేదని. సూది పొడిచినట్టు మచ్చ పడి, కుళ్లి, కోస్తే లోపల తెల్ల పురుగులుంటే అది పండు ఈగ పని. అలాంటి పిందెల్ని కంపోస్టులో వేయకుండా కవర్లో బిగించి రెండు రోజులు ఎండలో పడేయండి.

ప్రశ్న: మా రాధామనోహరం ఒకే గుత్తిలో మూడు రంగులు పూస్తోంది. అంటుకట్టిన మొక్కా?
– విశాఖపట్నం నుంచి

జవాబు: కాదు, ఒకే పువ్వు మూడు వయసులు. సాయంత్రం తెల్లగా, పరిమళంతో విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపై కిందికి వాలుతుంది. ఇవాళ సాయంత్రం విచ్చుకోబోయే నాలుగు మొగ్గలకు దారం కట్టి మూడు రోజులు చూడండి. తెల్ల పూల దగ్గరికి చీకటి పడ్డాక హాక్‌మాత్ అనే రెక్కల పురుగు వస్తుంది, గాలిలో నిలబడి పొడవాటి నాలుక ఆ సన్నటి గొట్టంలోకి దింపుతుంది. రంగెక్కిన పూలకు పగటిపూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు. నందివర్ధనం మీదో, గన్నేరు మీదో తల దగ్గర రెండు నీలి కళ్లలాంటి మచ్చలున్న లావుపాటి పచ్చ పురుగు కనిపిస్తే చంపకండి, అది ఈ హాక్‌మాత్‌ల కుటుంబంలోదే.

ప్రశ్న: మందారానికి పిండినల్లి. వాటిలో కొన్ని పెద్దవై వేగంగా పాకుతున్నాయి. వేపనూనె ఎంత కలపాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పాకేవాటిని వదిలేయండి! పిండినల్లి కదలీ కదలనట్టు గుంపుగా అతుక్కుని ఉంటుంది. పొడవాటి మైనపు పోగులతో, సెంటీమీటరుకు పైగా ఉండి, గుంపుల మధ్య తిరిగేది అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లినే తింటుంది. పెద్దయ్యాక నారింజ రంగు తల, ముదురు గోధుమ వీపు.

ముందు చీమల్ని ఆపండి. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెట్టండి, కొమ్మలు గోడకు తగలకూడదు. పళ్లెంలో నీళ్లు రెండు రోజులకోసారి పారబోయాలి, లేకపోతే దోమలు. నల్లిని గట్టి నీటిధారతో కొట్టండి. అప్పటికీ ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల మెత్తటి సబ్బునీళ్లు. ముందు నూనెను సబ్బుతో చిలకాలి, లేకపోతే పైన తేలి ఆకులు మాడుతాయి. ఎండ తగ్గాక, నల్లి ఉన్న కొమ్మలకే, పూలకు తగలకుండా.

ప్రశ్న: బాల్కనీ తీగకు తేనెపిట్ట గూడు కట్టింది. మొక్కలకు నీళ్లు పోయడం మానేయాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదు, రోజూ ఒకే వేళకు, గూడు తడవకుండా పోయండి. సాధారణంగా రెండు గుడ్లు. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పైచిలుకు. అన్నాళ్లూ ఆ తీగ కత్తిరించొద్దు, ఫ్లాష్‌తో ఫొటోలొద్దు. రెక్కలొచ్చిన పిల్ల కింద గెంతుతుంటే పిల్లుల్ని దూరంగా ఉంచి అక్కడే వదిలేయండి, తల్లి వచ్చి మేపుతుంది. ఈకలు లేనిదైతే మెత్తగా ఎత్తి గూట్లో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి చేరనివ్వదన్న మాట నిజం కాదు. పిల్లలకు తేనె కన్నా ముఖ్యం సాలీళ్లు, చిన్న పురుగులు. బాల్కనీ మూలల్లో బూజు మొత్తం దులపకండి. గూడు కట్టిన పీచును, ఎండుటాకు ముక్కల్ని పట్టి ఉంచేది ఆ సాలెదారమే.