జామర్ ఎప్పుడు ఆపాలో ముందు నేర్చుకో

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

యుద్ధవిమానాల సిమ్యులేటర్ ఆట డీసీఎస్ వరల్డ్‌లో హార్నెట్ (ఎఫ్/ఏ-18 విమానం) నడపడం మొదలుపెట్టావనీ, శత్రువు రాడార్‌ను తికమకపెట్టే జామర్ వేసినా క్షిపణి వచ్చి తగులుతూనే ఉందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు చెప్పినదాంట్లో ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏదో పెట్టె పనిచెయ్యడం లేదట, నువ్వే చూడు" అంది. పెట్టె బాగానే పనిచేస్తోంది. దాన్ని నువ్వు కవచం అనుకుంటున్నావు, చిక్కంతా అక్కడే ఉంది.

జామర్ నువ్వు ఏ దిక్కున ఉన్నావో దాచదు, ఎంత దూరంలో ఉన్నావో దాస్తుంది. జాతరలో మైకు మోత లాంటిది అది. ఎటునుంచి వస్తోందో ఊరంతటికీ తెలుస్తుంది, ఎంత దూరమో మాత్రం చెవికి అందదు. శత్రువు రాడార్ తెరమీద నువ్వు ఒక చుక్కలా కాక, నీ దిక్కున నిలువునా పరుచుకున్న గీతలా కనిపిస్తావు. దూరం తెలియకపోతే క్షిపణి ఎప్పుడు వదలాలో అతనికి లెక్క కుదరదు. అతని తికమక తీరేలోగా నీకు కొంత వ్యవధి దొరుకుతుంది. జామర్ ఇచ్చేది అంతే, ఆ వ్యవధిలో ఏం చేస్తావన్నది నీ పని.

అందుకే ముందు నీ జామర్ జోలికి పోకు. ఎదుటివాడి జామర్‌ను చూడటం నేర్చుకో. మిషన్ ఎడిటర్ తెరిచి, ఎదురుగా ఒకే ఒక్క సుఖోయ్-27 పెట్టు. దాని రెక్కల చివర సోర్బ్‌త్సియా పాడ్‌లు, అంటే బయట తగిలించే జామర్ పెట్టెలు, ఉండాలి. ఆ విమానం ఐచ్ఛికాల్లో జామర్ వాడకానికి ఒక వరుస ఉంటుంది, అందులో 'ఎప్పుడూ వాడాలి' అన్నది ఎంచుకో. ఆయుధాలన్నీ తీసెయ్యి. ఇక నీ రాడార్‌తో దానివైపు నేరుగా వెళ్తూ తెరను గమనించు. మొదట గీతే కనిపిస్తుంది. కొంతదూరం పోయాక, ఉన్నట్టుండి ఆ గీత తొలగి అసలు లక్ష్యం బయటపడుతుంది. అప్పుడు ఎంత దూరంలో ఉన్నావో కాగితం మీద రాసుకో. ఆటగాళ్ళు దాన్ని బర్న్-త్రూ అంటారు. విమానం మార్చి, ఎత్తు మార్చి ఇదే మళ్ళీ చెయ్యి. విసుగ్గానే ఉంటుంది. అయినా ఆ అంకె చేతిలో లేకుండా జామర్ వాడటం గుడ్డిగా రాయి విసరడమే.

ఆ దూరం ఎందుకు వస్తుందో కాస్త లెక్క చెబుతాను. రాడార్ తరంగం నీ దాకా వచ్చి, తగిలి, తిరిగి వెళ్ళాలి. రెండువైపులా పలచబడుతుంది కాబట్టి తిరిగి అందే ప్రతిధ్వని దూరపు నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. నీ జామర్ ప్రసారానికి ఒకవైపు ప్రయాణమే, అది వర్గాన్ని బట్టి తగ్గుతుంది. కాబట్టి దూరంలో గెలుపు జామర్‌దే. 80 కిలోమీటర్ల నుంచి 40కి దగ్గరయ్యావనుకో, ప్రతిధ్వని 16 రెట్లు పెరుగుతుంది, నీ మోత 4 రెట్లే పెరుగుతుంది. దగ్గరకొచ్చేకొద్దీ రాడార్‌దే పైచెయ్యి. జామర్ శక్తి రెట్టింపు చేసినా 40 కిలోమీటర్ల బర్న్-త్రూ 28కి దిగుతుంది, సగానికి కూడా రాదు. 20కి దింపాలంటే శక్తి నాలుగు రెట్లు కావాలి. ఎంత పెద్ద పాడ్ తగిలించుకున్నా శత్రువు ముక్కు ముందుకు వెళ్ళాక అది కాపాడదని ఈ లెక్కే చెబుతోంది.

ఇప్పుడు నిన్ను కూల్చినదాని సంగతి. ఏఐఎమ్-120 వంటి క్షిపణులకు జామర్ మోతనే పట్టుకుని దాని మూలానికి వచ్చే నేర్పు ఉంది. నువ్వు ఆగకుండా ప్రసారం చేస్తూ అతనివైపే వెళ్తుంటే, క్షిపణికి దారి నువ్వే చూపిస్తున్నావు. అయితే ఇందులో నీకు లాభమూ ఒకటుంది. దూరం తెలియని క్షిపణి సిమ్యులేటర్‌లో పైకి లేచి పలుచని గాలిలో ప్రయాణించే దారి పట్టదు, సూటిగా వస్తుంది, వేగం త్వరగా కోల్పోతుంది. జామర్ వేసినవాడిని దూరం నుంచి కొట్టడం అందుకే కష్టం. మరి దగ్గర పడ్డాక? జామర్ కట్టెయ్యి, శత్రువు రాడార్‌కు అడ్డంగా తొంభై డిగ్రీలకు తిరుగు, రాడార్‌ను మభ్యపెట్టే రేకు తునకలు వదులు, ఎత్తు తగ్గు. ఇవన్నీ ఒక్క ఊపిరిలో జరగాలి. బర్న్-త్రూ దూరం ముందే తెలిసినవాడు ఆ దూరానికి కాస్త ముందే తిరుగుతాడు. తెలియనివాడు క్షిపణి తగిలాక తిరుగుతాడు.

హార్నెట్‌లో జామర్ నాబుకు ఐదు స్థానాలు: ఆఫ్, స్టాండ్‌బై, బిట్ (స్వయం పరీక్ష), రిసీవ్, ఎక్స్‌మిట్ (ప్రసారం). ఇంజిన్లు మొదలయ్యాక స్టాండ్‌బైలో పెట్టు, పరికరం వేడెక్కడానికి సమయం కావాలి. యుద్ధరంగం దగ్గరయ్యాక హడావుడిగా ఆఫ్ నుంచి ఎక్స్‌మిట్‌కు తిప్పితే ఏమీ దక్కదు. ఎడమవైపు హెచ్చరిక దీపాల్లో 'ఎక్స్‌మిట్' అని ఒకటుంది, నాబు తిప్పాను కాబట్టి ప్రసారం అవుతోందనుకోకుండా ఆ దీపాన్ని చూడు. ఇంతకంటే ముఖ్యం ఆర్‌డబ్ల్యూఆర్ తెర, నీమీద ఏ రాడార్ పడుతోందో చెప్పేది అదే. '29' కనిపిస్తే అది మిగ్-29 కావచ్చు, సుఖోయ్-27 కావచ్చు, రెంటికీ ఆ గుర్తే. 'ఎం' కనిపించిందంటే క్షిపణి సొంత రాడార్ తెరుచుకుంది, ఇక జామర్ గురించి ఆలోచించకు, తప్పుకో. చెవికి వినిపించే స్వరాలు కూడా కంఠతా వచ్చేయాలి, తెరను చూడటానికి అప్పుడు తీరిక ఉండదు.

విమానం మార్చినప్పుడు జామర్ కోసం ఏం వదులుకుంటున్నావో చూసుకో. హార్నెట్‌లో అది లోపలే ఉంటుంది. ఎఫ్-16లో ఏఎల్‌క్యూ-184 పాడ్ పొట్ట కింద వేలాడుతుంది, అక్కడ ఇంధన ట్యాంకు పెట్టుకునేవాళ్ళం. సుఖోయ్-27లో ఆ రెక్కల చివర ఆర్-73 క్షిపణులు ఉండేవి, పాడ్‌లు పెడితే రెండూ పోతాయి. పాడ్‌లు తగిలించుకోకుండా కీబోర్డు మీద జామర్‌కున్న 'E' మీట పదే పదే నొక్కి, జామర్ చెడిపోయిందని గొణిగే కొత్తవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఒంటరిగా జామర్ పెట్టుకుని తిరగడం కంటే జట్టుగా వాడటంలో రుచి ఉంది. వియత్నాం యుద్ధంలో బాంబులు మోసే అమెరికా ఎఫ్-105 విమానాలు క్యూఆర్‌సీ-160 జామర్ పాడ్‌లతో నిర్ణీత దూరాలు పాటిస్తూ ఎగిరేవి, అందరి ప్రసారాలూ కలిసి ఏ విమానం ఎక్కడుందో రాడార్‌కు తేలనిచ్చేవి కావు. 1967 జనవరి 2న అమెరికా వైమానిక అధికారి రాబిన్ ఓల్డ్స్ నడిపిన ఆపరేషన్ బోలోలో ఎఫ్-4 ఫైటర్లకు ఆ పాడ్‌లే తగిలించారు. బాంబర్లు వస్తున్నాయనుకుని పైకి లేచిన మిగ్-21లలో 7 కూలాయని అమెరికా లెక్క. దాచడానికి తయారైన పరికరాన్ని అక్కడ పసిగట్టేలా చెయ్యడానికి వాడారు! నువ్వూ స్నేహితుడూ ఆడేటప్పుడు విడివిడిగా ఎగరండి. శత్రువు జామర్ వేస్తే మీ ఇద్దరి గీతలూ కలిసేచోటే వాడు ఉంటాడు. ఒంటరిగా ఉంటే అవాక్స్‌ను (గగనతల నిఘా రాడార్ విమానాన్ని) బోగీ డోప్, అంటే శత్రువు ఆచూకీ, అడుగు, దూరం చెబుతుంది.

సిమ్యులేటర్‌లో జామర్ పని చాలావరకు ఒట్టి మోతే. నిజమైన పెట్టెలు రాడార్‌కు దొంగ ప్రతిధ్వనులు పంపి మోసగిస్తాయి. మన హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్ఆర్ఎల్ వంటి ప్రయోగశాలల పని ఇలాంటిదే, దాని లోగుట్టు ఆటల్లోకి రాదు. కాబట్టి ఆట చూసి నిజం తెలుసుకున్నానని మాత్రం ఎక్కడా చెప్పకు. ఇంకొకటి, జామర్ మీటను గబగబా ఆన్-ఆఫ్ చేస్తూ శత్రువు రాడార్ పట్టు (లాక్) తెంచే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. కొన్ని సర్వర్లలో అది నిషిద్ధం, నా లెక్కన ఆటే కాదు.

ఈ వారం మొత్తం సుఖోయ్‌తో ఒక్కడివే ఆడు. ఆయుధాలు లేనిది ముందు, తరువాత ఆయుధాలున్నది. ఆడినదంతా నమోదు చేసే టాక్‌వ్యూ రికార్డులు పంపు. ఎంత దూరంలో జామర్ ఆపావో, ఎంత దూరంలో తిరిగావో ప్రతిదాని పక్కన నీ చేత్తో రాసి పంపు, మిగతాది నేను చూసుకుంటాను.

నీ మామయ్య