"యోగా చేస్తున్నావుగా, ఇంకా చిరాకెందుకు?"

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరు పిల్లలు. అత్తగారు మాతోనే ఉంటారు. ఏడాదిగా తలనొప్పి, గుండె దడ, ఊరికే కోపం. యోగా చేస్తే టెన్షన్ తగ్గుతుందని అందరూ అంటే ఆరు నెలల క్రితం ఆన్‌లైన్ క్లాసులో చేరాను. తెల్లవారుజామున 4.15కి లేస్తే గానీ క్లాసు అందదు. రాత్రి పడుకునేసరికి 11.30. శవాసనం వేస్తే టిఫిన్ ఏం చేయాలా అన్న ఆలోచనే, లేకపోతే కారణం లేకుండా కన్నీళ్లు. మావారేమో "యోగా చేస్తున్నావుగా, ఇంకా చిరాకెందుకు?" అంటున్నారు. లోపం నాలోనే ఉందా?

జవాబు: మీ నిద్ర లెక్క వేసి చూశానమ్మా. ఐదు గంటలు కూడా లేదు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. ఉన్న నిద్రలో కోసి యోగాకు పెట్టారు, అప్పు తీర్చడానికి వడ్డీకి తెచ్చినట్టు. అలాంటప్పుడు చిరాకు రాకపోతేనే వింత. ఆ తెల్లవారుజాము క్లాసు రేపే మానేయండి. ఫీజు పోతే పోయింది. ఆసనం అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదని పతంజలి యోగసూత్రాల్లో ఉంది. నాలుగింటికే లేవాలని ఆ సూత్రంలో లేదు.

కన్నీళ్ల గురించి కంగారు వద్దు. పొద్దున్నుంచి బిగపట్టుకున్న ఒళ్లు వదులైతే చాలామందికి అలా వస్తాయి. ఎవరూ మిమ్మల్ని పిలవని సమయం రోజు మొత్తంలో అదొక్కటే కాబోలు. కానీ రోజూ దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

గుండె దడకు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, బీపీ చూపించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా దడ వస్తుంది. దాన్ని టెన్షన్ అనుకుని ఏళ్లు గడిపిన ఆడవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. ఆ సంగతి తేలేదాకా కపాలభాతి లాంటి వేగపు శ్వాసలు ఆపండి. కొందరికి వాటితో దడ ఇంకా పెరుగుతుంది.

ఇక మీవారి ప్రశ్న. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. ఆ 97 కూడా ఇంటిపని చేసే మగవాళ్ల సగటే, అసలు చేయి పెట్టనివాళ్లు అందులో లేరు. ఎన్ని సూర్యనమస్కారాలు చేసినా ఈ తేడా తగ్గదు. మీ చిరాకులో సగం ఇక్కడిదే అని నా అనుమానం.

అలాగని యోగా వదిలేయమనడం లేదు. మీకు కావలసింది కొంచెమే. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెల వరకు నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఐదు నిమిషాలు అలా చేశాక చెవులు మూసుకుని తుమ్మెదలా 'మ్‌మ్' అంటూ భ్రామరి ఏడెనిమిది సార్లు చేయండి. ఆ తర్వాత గోడకు కాళ్లు ఆనించి పది నిమిషాలు పడుకోండి. రోజంతా క్లాసులో నిలబడిన కాళ్లకు అది చాలా హాయి. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), అదుపులో లేని బీపీ ఉంటే మాత్రం ఇలా కాళ్లు పైకి పెట్టి పడుకోవడం వద్దు.

ఇదంతా సాయంత్రం ఏడింటికి, గదిలో తలుపు వేసుకుని చేయండి. "దీపాలు పెట్టే వేళ పడకేంటమ్మా" అని అత్తగారు అంటే వాదించకండి. శ్వాస, భ్రామరి కూర్చునే కదా, పడుకునేది ఏడున్నరకు పెట్టుకోండి. మీవారితో మాత్రం "ఈ ముప్పావుగంట కుక్కరూ, పిల్లల హోంవర్కూ మీవి" అని ముందే చెప్పేయండి. బతిమాలకండి, కోపంగానూ వద్దు, పాలు తెమ్మని చెప్పినంత మామూలుగా చెప్పండి. మొదటి వారం పప్పు అడుగంటుతుంది, చిన్నవాడు తలుపు కొడతాడు. ఏడున్నర దాటి ఆ పది నిమిషాలూ అయ్యేదాకా తలుపు తీయకండి.