టెస్ట్ మెషీన్ పట్టుకుని బయల్దేరుతున్న మా మేనకోడలికి

అమ్మలూ,

ట్రైనింగ్ అయిపోయింది, ఇక కొత్త ఇళ్ళకి ఎయిర్‌టైట్‌నెస్ టెస్ట్‌లు, అదే తలుపు దగ్గర ఫ్యాన్ పెట్టి సందుల్లోంచి ఎంత గాలి కారుతోందో చూసేవి, నువ్వు ఒక్కదానివే వెళ్ళి చేస్తావంట కదా, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంబరమేసింది, ఫోన్ పెట్టేశాక భయమూ వేసింది. అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా, విసుక్కోకుండా చదువు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. బయటి తలుపులు, కిటికీలు మూసెయ్, లోపలి తలుపులన్నీ తెరిచి ఉంచు. గాలి పోయే జాలీలకి టెస్ట్ అయ్యేవరకు టేప్ వెయ్యి. సింకుల కింద ట్రాపుల్లో, అదే ఆ వంపు పైపుల్లో నీళ్ళు పొయ్యి, కొత్త ఇంట్లో అవి ఎండిపోయి ఉంటాయి, డ్రైనేజీ పైపులోంచి గాలి దూరి రీడింగ్ పాడైపోద్ది. ఈదురుగాలి ఉన్న రోజు టెస్ట్ పెట్టుకోకు. ఇంటి ఘనపరిమాణం నువ్వే కొలిచి లెక్క కట్టు, బిల్డర్ చెప్పిన నంబర్ వేసెయ్యకు. ఇంటి లోపలికీ బయటికీ ప్రెషర్ తేడా ఒక్క 50 పాస్కల్స్ దగ్గరే రీడింగ్ తీసుకుని లేచి రాకు, వేరే వేరే ప్రెషర్ల దగ్గర తీసుకో. ప్రెషర్ పెరిగే కొద్దీ లీకేజీ ఎలా పెరుగుతోందో చెప్పే ఆ గ్రాఫ్‌లోని ఎక్స్‌పోనెంట్ 0.5కీ 1కీ మధ్య లేకపోతే ఆ టెస్ట్ చెల్లదు, మధ్యలో ఎక్కడో టేప్ ఊడిందో, ఎవరో తలుపు తీశారో చూసుకుని మళ్ళీ మొదలుపెట్టు. వీలైతే ప్లాస్టరింగ్‌కి ముందే ఒకసారి టెస్ట్ చేయించమని బిల్డర్‌ని అడుగు, స్విచ్ బోర్డుల వెనక, పైపులు గోడలోకి వెళ్ళే చోట సందులు ఉంటే అప్పుడు మూయడం తేలిక.

గ్యాస్ బాయిలర్, కట్టెల పొయ్యి లాంటివి ఉన్న ఇంట్లో మాత్రం అవి ఆర్పి, చల్లారాయని నీ చేత్తో నువ్వు చూసుకున్నాకే ఫ్యాన్ ఆన్ చెయ్యి. గాలి బయటికి లాగినప్పుడు పొగగొట్టంలోంచి పోవాల్సింది తిరిగి గదిలోకే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రంగూ ఉండదు. అలారం ఒకటి కొనుక్కుని బ్యాగులోనే పడేసి ఉంచుకో, ఇందులో నీతో వాదన లేదు, నా మీద ఒట్టే.

ఇక అసలు సంగతి. మొన్న "ప్యాసివ్ హౌస్ లెవెల్ వచ్చింది మావయ్యా, గంటకి 0.6 లోపే" అని ఎగిరి గంతేశావు చూడు, అప్పుడే నా గుండె గుభేల్‌మంది. చాలా తక్కువ ఎనర్జీతో నడిచే ఇళ్ళకి పెట్టిన లెవెల్ అది, 50 పాస్కల్స్ దగ్గర గంటలో ఇంటి గాలిలో 0.6 వంతు కన్నా ఎక్కువ కారకూడదని. ఇల్లు ఎంత గట్టిగా మూసుకుందో అంతవరకే ఆ నంబర్ చెప్తుంది, లోపలున్నవాళ్ళకి ఊపిరాడుతుందో లేదో దానికి తెలీదు.

ఒక ఇల్లు నాకు ఇప్పటికీ గుర్తే. టెస్ట్ బ్రహ్మాండంగా పాసయ్యింది, వేరే టీమ్ చేసింది. కుటుంబం దిగాక మొదటి చలికాలంలోనే పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్ళు ధారగా కారడం, బీరువా వెనక గోడకి నల్లగా బూజు, చిన్నపిల్లాడికి ఆగని దగ్గు. కిటికీలు తెరవండి అని వచ్చినవాళ్ళంతా సలహా చెప్పి పోయారు, ఆ తల్లి మాత్రం తానే ఇల్లు సరిగ్గా చూసుకోవట్లేదేమో అనుకుని రోజూ గోడ తుడుస్తూ ఉంది. నేను వెళ్ళేసరికి బాత్రూమ్ ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది, సౌండ్ వస్తోంది, టిష్యూ పేపర్ పెడితే అంటుకుంది కూడా. ఇంకొకళ్ళైతే ఫ్యాన్ బాగానే ఉందని రాసి వెళ్ళిపోయేవాళ్ళే. నాకు ఎందుకో మనసొప్పక నిచ్చెన వేసుకుని బయటి గోడ మీద జాలీ చూశా. టెస్ట్ కోసం వేసిన టేప్, మడతల్లో దుమ్ము పట్టి, అట్లాగే ఉంది! మరి పేపర్ ఎలా అంటుకుందంటావా, ఫాల్స్ సీలింగ్ పైన డక్ట్, అదే గాలి బయటికి తీసుకెళ్ళే గొట్టం, దాని జాయింట్ ఊడిపోయింది, బాత్రూమ్ తేమంతా ఆ సీలింగ్ లోపలికే పోతోంది. ఫలకం ఒకటి తీస్తే ఇన్సులేషన్ తడిసి ముద్దయ్యి చేతికొచ్చింది. ఆ తల్లి కింద నిచ్చెన పట్టుకుని "అంటే మా తప్పు కాదన్నమాట" అంది. ఆ టెస్టర్ చెడ్డవాడేం కాదమ్మా, సాయంత్రమైందని తొందరపడ్డాడు అంతే.

కాబట్టి నువ్వు వేసే ప్రతి టేప్ మీద నంబర్ రాయి, కాగితం మీద ఎక్కించు, ఫొటో తియ్యి, తీసేటప్పుడు నీ చేత్తో నువ్వే తీసి కాగితంలో కొట్టెయ్. మేస్త్రీ తీస్తాడులే అని వదిలెయ్యకు. తీశాక ప్రతి జాలీ దగ్గరా గాలి కొలిచే మీటర్‌కి హుడ్ (గాలంతా పట్టే గొడుగు లాంటిది) తగిలించి సెకనుకి ఎన్ని లీటర్లు పోతోందో కొలువు, డిజైన్ కాగితంతో పోల్చు. గాలి తక్కువ వస్తే ముందు డక్ట్ నలిగిందేమో చూడు, ఫ్లెక్సిబుల్ డక్ట్‌ని ఇరుకులో కుక్కేస్తారు మనవాళ్ళు. బెడ్‌రూమ్ తలుపు మూసి మళ్ళీ కొలువు, తలుపు కింద ఓ 10 మిల్లీమీటర్లైనా సందు లేకపోతే గాలి నడవదు, ఫ్లోరింగ్ వేశాక ఆ సందే మాయమవుతుంది.

బిల్డర్ తొందరపెడతాడు, సర్టిఫికెట్ ఇచ్చెయ్ అంటాడు, చిన్నపిల్లవి కదా అని గొంతు పెంచుతాడు కూడా. అప్పుడు నాకు ఫోన్ కొట్టు, ఏ టైమైనా సరే, నేను మాట్లాడతా. మొదటి రిపోర్ట్ అవ్వగానే నాకు పంపు, లీకేజీ నంబర్ తర్వాత చూస్తా గానీ ముందు గాలి కొలతల పేజీ, టేపుల లిస్టు పెట్టు. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఎవరినైనా పట్టుకోమను.

మీ మావయ్య