బయానా చేతిలో పడకుండా ఫైల్ తెరవకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయిన ఫోన్ చేసి, నువ్వు మాదాపూర్ ఉద్యోగానికి రాజీనామా పెట్టావని, నోటీస్ పీరియడ్ అయిపోగానే నల్లగొండకు వచ్చి ఇంట్లో కూర్చునే డిజైన్ పని సొంతంగా చేసుకుంటావని చెప్పాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల ఒకరి కింద కాకుండా సొంతంగా బతుకుతానంటే నాకంటే ఎక్కువ మురిసేవాళ్లు ఎవరున్నారు చెప్పు? కానీ భయం కూడా నాకే ఎక్కువ. ఫ్రీలాన్స్ అనే మాట తెలియకముందే పదిహేడేళ్లు నేను చేసింది అదే పని. ఫోన్లో చెబితే "సరే అత్తమ్మా, సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. మొత్తం చదువు.

చిన్నవి ముందే చెప్పేస్తా. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉండాలి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, అది ఆగకముందే సొంత పాలసీ తీసుకో. పని డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరువు. ఒక్క క్లయింటునే నమ్ముకుని కూర్చోకు. పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నవాడు దొంగ. నీకు డబ్బు పంపుతున్నాం, యూపీఐ పిన్ కొట్టమన్నవాడు కూడా దొంగే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి.

ఇక నన్ను రాత్రంతా కూర్చోబెట్టిన సంగతి.

2003 ఎండాకాలం. ప్రకాశం బజార్ వెనక సందులో ఒక్క గది అద్దెకు తీసుకుని, అప్పు చేసి కొన్న కంప్యూటర్ మీద డీటీపీ, అంటే అచ్చుకు పోయే పేజీలు టైపు చేసి తయారుచేసే పని, చేసేదాన్ని. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఏది వస్తే అది. ఒకరోజు హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు, పోటీ పరీక్షల గైడు వేస్తున్నానని, 300 పేజీలుంటుందని, పేజీకి 15 రూపాయలిస్తానని అన్నాడు. నోరు తెరిస్తే "అక్కా". అంత పెద్ద పని అంతకుముందు నా గడప తొక్కలేదు బిడ్డా. చాయ్ తెప్పించా, మాట్లాడుకున్నాం, చేతిరాత కాగితాల కట్ట టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. బయానా అడగలేదు నేను. నోటిదాకా వచ్చింది, బాగుండదేమో అని మింగేశా.

ఎవరి బిడ్డనై అలా చేశానో చూడు. మీ తాత గుర్రంపోడు దగ్గర బత్తాయి తోట చేసేవాడు కదా. కాయ కొనే వ్యాపారి వస్తే మంచం వాల్చి కూర్చోబెట్టేవాడు, నీళ్లిచ్చేవాడు, చాయ్ ఇచ్చేవాడు, మర్యాదకు ఏ లోటూ లేదు. కానీ బయానా నోట్లు చేతిలో పడి, రెండుసార్లు లెక్కపెట్టుకుని, అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాకే కాయ మీద చెయ్యి వేయనిచ్చేవాడు. అది చూస్తూ పెరిగినదాన్ని నేను. తోట అమ్మకానికి వర్తించిన మాట నా చేతిపనికి కూడా వర్తిస్తుందని ఎందుకో తట్టలేదు, నా పని కూడా సరుకేనని నాకే అనిపించలేదేమో.

300 పేజీలు 412 అయ్యాయి. ఒక ప్రూఫ్, రెండో ప్రూఫ్, మూడో ప్రూఫ్. "చిన్న మార్పే అక్కా" అంటూ ఒక చాప్టర్ తీసేయించి, వారం తర్వాత అదే మళ్లీ పెట్టించాడు. కరెంటు ఎప్పుడు పోతుందోనని పది నిమిషాలకోసారి సేవ్ కొట్టుకుంటూ రాత్రి రెండింటిదాకా కూర్చునేదాన్ని, మీ బావ అప్పుడు నాలుగేళ్లవాడు, టేబుల్ కింద పాత ప్రూఫ్ కాగితాలు పరుచుకుని వాటిమీదే నిద్రపోయేవాడు. అంతా అయ్యాక ఒక సాయంత్రం ఆయన బస్టాండ్ నుంచి ఫోన్ చేసి, రేపు పొద్దున ప్రెస్‌కు పోవాలి, డబ్బులు సోమవారం పంపిస్తా, సీడీ తెచ్చివ్వమన్నాడు. పేపర్లో చుట్టి తీసుకెళ్లి బస్సు కిటికీలోంచి అందించా. 6,180 రూపాయల పని. నాకు రెండు నెలల సంపాదన.

సోమవారాలు పోయాయి. పుస్తకం అమ్ముడుపోయాక అన్నాడు, నేను చెప్పింది 300 పేజీలే కదా అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మూడో నెల పొద్దున మొదటి బస్సుకు హైదరాబాద్ పోయి కోఠిలో పుస్తకాల దుకాణాల ముందు తిరుగుతుంటే, ఆ గైడు ఫుట్‌పాత్ మీద పేర్చి ఉంది. చేతిలోకి తీసుకుని నేరుగా 217వ పేజీ తెరిచా. "శాసనం" అని ఉండాల్సిన చోట "శాననం" అని ఉంది. సీడీ ఇచ్చిన మర్నాడు ఆ తప్పు నా కంటపడి, ఆయనకు చెప్పాలని చీటీ మీద రాసి కూడా పెట్టుకున్నా, ఆయన ఫోన్ ఎత్తితే కదా. నా తప్పు, నా పేజీ, నా చేతిలోనే ఉంది. 90 రూపాయలిచ్చి కొనుక్కుని వచ్చా. ఇప్పటికీ బీరువాలో ఉంది.

కంప్యూటర్ కిస్తీ కోసం గొలుసు కుదువ పెట్టా. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత బతుకమ్మ పండుగకు వెళితే మీ నాయిన నన్ను చూసి "మెడ బోసిగుందేందే" అన్నాడు. అంతే, ఏడ్చేశా. డబ్బు పోయినందుకు ఒక్క మాట అనలేదు మా అన్న, ఇన్నాళ్లు చెప్పనందుకు మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు గొలుసు విడిపించుకొచ్చాడు. నువ్వూ అచ్చం నాలాగే, దెబ్బ తగిలితే దాచుకుంటావు. పదో తరగతిలో సైకిల్ మీద నుంచి పడి చెయ్యి వాచినా పరీక్ష రాసొచ్చిందాకా చెప్పలేదు నువ్వు. నా భయమంతా అదే.

అందుకే చెబుతున్నా, సగం డబ్బు ఖాతాలో పడేదాకా ఫైల్ తెరవకు. ఎన్ని డిజైన్లు, ఎన్నిసార్లు మార్పులు, ఆపై ప్రతి మార్పుకు ఎంత, ఎప్పటికి ఇస్తావు, వాళ్లు ఎప్పటికి కడతారు, ఇవన్నీ మెయిల్లో రాసి, సరేనని వాళ్ల జవాబు తెప్పించుకో. ఫోన్లో మాట్లాడింది కూడా ఆ సాయంత్రమే రాసి పంపు. మొత్తం డబ్బు వచ్చేదాకా వాళ్లకు చూపించేది వాటర్‌మార్క్ వేసిన చిన్న సైజు బొమ్మే, అసలు ఫైల్ నీ దగ్గరే ఉండాలి. స్నేహితురాలైనా అంతే, మన కులపోళ్లైనా, మీ నాయిన తెలిసినవాళ్లైనా అంతే. వాళ్లే ఎక్కువ ముంచుతారు, ఎందుకంటే అడగడానికి మనకు ఎక్కువ మొహమాటం.

నాకప్పుడు పట్టుకోవడానికి ఏ చట్టమూ తెలియదు. చిన్న వ్యాపారాల కోసం చేసిన ఎంఎస్ఎంఈ చట్టం 2006లో వచ్చింది. నువ్వు ఆ చట్టం కింద చిన్న వ్యాపారంగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకో, పైసా ఖర్చు లేదు, ఏజెంటుకు డబ్బులివ్వకు. పని ఒప్పుకునే ముందే అది చేతిలో ఉంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా కట్టాలి, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ. ఇవ్వకపోతే ఇలాంటి బాకీల ఫిర్యాదులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్లో ఫిర్యాదు చేయొచ్చు. ప్రతి బిల్లు మీద ఆ నంబరు వెయ్యి, చూసినవాడికి కాస్త భయం ఉంటుంది.

పన్ను సంగతి మంచి అకౌంటెంట్‌ను అడుగు. కంపెనీలు నీ ఫీజులోంచి టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటాయి, అది నీ పాన్ మీద జమైందో లేదో చూసుకో. వచ్చిందంతా మనదే అనుకుని ఖర్చుపెట్టకు. ఏడాదికి 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ నంబరు తప్పనిసరి కాదు, దాటే రోజు రావాలని కోరుకుంటున్నా.

రాత్రి పదకొండు తర్వాత క్లయింట్ మెసేజ్ వస్తే పొద్దున చూడు, రాత్రే జవాబిస్తే రోజూ రాత్రే అడుగుతారు. ఆ పదిహేడేళ్లలో నా కళ్లు పాడయ్యాయి, మెడ పట్టేసింది. సాయంత్రం కాసేపు పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడువు, నేనూ వస్తా.

మొదటి కొటేషన్ పంపే ముందు నాకు చూపించు. రేటు నేను చెప్పను, నీ పని విలువ నీకే తెలుసు, కానీ మొహమాటంతో తగ్గించావా లేదా అనేది నేను ఒక్క చూపులో కనిపెడతా. ఎవరైనా డబ్బు ఎగ్గొడితే, ఆ రోజే, ఆ రాత్రే, నాకు చెప్పు. తిట్టను.

పై గదిలో కూర్చుని పనిచేస్తావని మీ నాయిన అన్నాడు. ఆ పడమటి కిటికీ ఎండ మధ్యాహ్నం మూడు నుంచి నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. కొలత తీసి పంపించు, మందం గుడ్డతో పరదా కుట్టి తెస్తా.

మీ అత్తమ్మ